తిన్న గోపాలుడు

నరసమ్మ ఖిదిర్‌పూర్ బజారులో పాత ఇత్తడి సామాను కొని, తోమి, ఫోనులో ఫోటోలు పెట్టి అమ్ముతుంది. ఆ ఉదయం పొగమంచు వెలుగులో చిన్న గోపాలుడి బొమ్మ తోముతూ, కలలో ఉన్నట్టుగా పటికబెల్లం ముక్క ఎదుట పెట్టేసింది. ఆ బొమ్మను విశాఖలో ఒకావిడ అప్పటికే కొనేసింది.

"ఏటి సేసినావే? నైవేద్యం పెట్టినాక సరుకెలాగవుతాడు?" అన్నాడు భర్త కోదండం. "అలాగని పంపకపోతే నీ కొట్టుకి సెడ్డపేరు."

ఎవరింటి దేవుడో ఒక్క పటికబెల్లం ముక్కకే తనవాడైపోతాడా? నరసమ్మకు తెలియలేదు. కొన్నావిడకి జరిగింది రాసి, అమ్మలేనని చెప్పింది.

"బొమ్మనుకుని కొన్నానండి. ఏ వేళకి తింటాడో చెప్పి పంపండి, ఆకలితో ఉంచను" అని జవాబొచ్చింది.

నరసమ్మ గోపాలుణ్ణి మెత్తని చీరముక్కలో చుట్టింది. ముఖం మాత్రం చాలాసేపు కప్పలేకపోయింది.