గురువారపు వాసన

అనార్‌కాన్ తొట్టె గట్టు వెంట నడుస్తూ, పొడుగు కర్రకు కట్టిన జల్లెడతో నురుగు మీది చెత్త తీస్తోంది. బంగాళాదుంప తొక్కలు, గుడ్డపీలికలు, ఒక బొమ్మ చెయ్యి. తొట్టెలో నీళ్ళు కుతకుతమంటున్నాయి. వేడికి కాదు, గాలికి. అడుగునుంచి మోటారు గాలి ఊదుతుంటేనే నీళ్ళలోని సూక్ష్మజీవులు బతికి, ఊరి మురికిని తింటాయి. ఆ తర్వాతే నీళ్ళు ఏట్లో కలుస్తాయి.

ఇక్కడ పనిచేసి చేసి ఆమె ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. కంపూ తెలియదు, కమ్మదనమూ తెలియదు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, తలకు పూల రుమాలు. పొద్దుటినుంచి ఎడమ భుజంలో ఒకటే సలుపు.

గట్టు చివర ఇనుప కమ్మీ ఒకటి మిగతావాటికన్నా కొత్తది. ఆమె భర్త బెక్తెన్ మంచు మీద జారింది అక్కడే. ఇస్సిక్-కుల్ సరస్సులో ఒడ్డు కనబడనంత దూరం ఈదినవాడు. కానీ గాలి నిండిన నీళ్ళు మనిషిని మోయవు. మోటారు ఆపాకే పైకి వచ్చాడు.

పోయినవాళ్ళకు అందరూ ఇంట్లోనే ఏడు బోర్సోక్‌లు, పిండి బిళ్ళలు, వేయించి ఆ నూనె వాసన పంపుతారు. ఆమె మాత్రం గురువారం గురువారం మోటారు ఆపి, ఈ గట్టు మీదే, ఆ కమ్మీ పక్కన స్టవ్ వెలిగిస్తుంది.

"ఇవాళ బావకి విందా, అక్కా?" పరీక్షకు ఏటి నీళ్ళు పట్టుకురావడానికి ఖాళీ సీసాలు సంచిలో వేసుకుంటూ, ఆమెతో పనిచేసే కుర్రాడు తొరొగెల్ది అడిగాడు.

"విందు బావకా, నీకా? పోయినవారం ఆయన వాటా కూడా నువ్వే మింగావు."

"బావకి వాసన చాలుగా!" నవ్వి, గొంతు తగ్గించాడు. "మోటారు ఎక్కువసేపు ఆపకక్కా. కింద మా ఊరి పిల్లలు ఆ ఏట్లోనే దిగుతారు."

"ఏడూ వేగగానే మీట వేసేస్తాలేరా. ఎప్పుడైనా మరిచానా?"

అతను వెళ్ళాక మోటారు మీట దించింది. హోరు ఆగిపోయింది. నీళ్ళు నెమ్మదిగా నున్నబడ్డాయి. పిండి బిళ్ళలు ఒక్కొక్కటే నూనెలోకి జారవిడిచింది. బోర్సోక్‌లు ఉబ్బి, ఎర్రబడి, పైకి తేలాయి.

"వాసన వస్తోందా, తమ్ముడూ?" అలవాటుగా అడిగింది. "ఏటి అవతలికి కూడా!" అని అరిచే మనిషి ఇప్పుడు ఏటి దగ్గరున్నాడు.

ఆఖరిది వేసింది. అప్పుడు వచ్చింది వాసన. ముందు కాగిన నూనె, పులిసిన పిండి. వెనకనే తడిసిన ఉన్ని కోటు, పొగాకు.

నీళ్ళ మధ్య ఒక్క బుడగ పైకొచ్చి పగిలింది.

"వచ్చావా?" అంది.

మీట వేయాలి. లేచింది. రెండడుగులు కూడా పడలేదు. కొత్త కమ్మీకి వీపు ఆనించి, మెల్లగా కూర్చుండిపోయింది. చెయ్యి మీట వైపే చాచి ఉంది.

ఏటి ఒడ్డున తొరొగెల్ది సీసాకు మూత పెట్టి చెవి రిక్కించాడు. హోరు లేదు. సంచి వదిలేసి పరుగెత్తాడు. ఆమె నుదురు తాకి చూశాడు. ఊపిరి ఆడడం లేదు. లేచి, ముందు మీట వేశాడు. మసకబారుతున్న నీళ్ళు మళ్ళీ పొంగాయి. అప్పుడు ఆమె పక్కన కూలబడ్డాడు.

"వచ్చిందక్కా," అన్నాడు. "ఏటి దాకా వచ్చింది వాసన."

స్టవ్ కిరోసిన్ అయిపోయి ఆరిపోయింది. మోటారు అదురుకు బాణలిలో నూనె సన్నగా వణుకుతోంది. అందులో ఏడో బోర్సోక్, తీసేవాళ్ళు లేక నల్లగా మాడి, అటూ ఇటూ తిరుగుతోంది.