అట్టల మొగిలయ్య

టేపు మీద బూజు తెల్లగా, పిండి చల్లినట్టు ఉంది. మొగిలయ్య మెత్తని గుడ్డకు స్పిరిట్ అద్ది, టేపును రెండు వేళ్ల మధ్య పట్టి, రీలు మెల్లగా తిప్పుతూ తుడుస్తున్నాడు. గట్టిగా పడితే పైపొర లేచిపోతుంది. వదులుగా పడితే బూజు పోదు. అరవై దాటిన వేళ్లు అవి. గోళ్ల అంచుల్లో ఎన్నడో ఇంకిన రంగు ఇంకా నల్లగానే ఉంది.

నాచారంలో ఒక బిస్కెట్ల గోదాము పైఅంతస్తులో ఉంది ఆ దుకాణం. పాత పెళ్లి క్యాసెట్లూ, మూతపడిన కంపెనీల టేపులూ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తారు. యజమాని దుర్గేష్‌ది లాలాపేట్. ఆ వారం వచ్చిన పెట్టె మీది పేరు చూసి మొగిలయ్య కాసేపు మూత తీయలేదు. 'ఆదివారం బొమ్మలు'.

అది ముప్పై ఏళ్ల కిందటి టీవీ కార్యక్రమం. వారానికొక సినిమా తార వచ్చి ఎర్ర కుర్చీలో కూర్చుని, నాలుగు మాటలు చెప్పి, విదేశాల పాత కార్టూన్ ముక్కలు చూపించేవారు. తోకకు నిప్పంటుకున్న పిల్లి, కుండలో తల ఇరుక్కున్న ఎలుగుబంటి, అలాంటివి. షూటింగ్ రామంతాపూర్‌లోని ఒక రేకుల షెడ్డులో. మొగిలయ్య అప్పట్లో ఉప్పల్ గోడల మీద సిమెంటు ప్రకటనలు రాసేవాడు. దూరం నుంచి కూడా చదవడానికి వీలుగా రాస్తాడని నిర్మాత అచ్యుతరావు పిలిపించాడు. తారలకు మాటలు గుర్తుండవు కదా. వాటిని పెద్ద అట్టల మీద రాసి, కెమెరా పక్కన నిలబడి పట్టుకోవాలి. బొంబాయి హీరోయిన్లకైతే తెలుగు మాటల్నే హిందీ అక్షరాల్లో రాసేవాడు. షెడ్డులో ఆయన పేరు అట్టల మొగిలయ్య.

భార్య కృష్ణమ్మ ఆదివారం పొద్దున్నే టీవీ ఉన్న ఇంటికి వెళ్లి ముందు వరుసలో కూర్చునేది. "మా ఆయన గీ ప్రోగ్రాంల పనిజేస్తడు" అని అందరికీ చెప్పింది. వాడకట్టంతా ఆయన కోసం వెతికారు. ఏ వారమూ కనపడలేదు. "మీ ఆయన కుర్చీ కింద దాసుకున్నడా ఏంది?" అని ఎవరో అంటే ఇల్లంతా నవ్వింది. ఆ తర్వాత కృష్ణమ్మ అటు వెళ్లలేదు.

కొన్నేళ్లకు రోజంతా కార్టూన్లే వేసే చానళ్లు వచ్చి కార్యక్రమం ఆగిపోయింది. మొగిలయ్య మళ్లీ గోడల దగ్గరికి వెళ్లాడు. ఫ్లెక్సీలు వచ్చి అదీ పోయింది. చివరికి దుర్గేష్ దగ్గర టేపులు తుడిచే పనిలో చేరాడు.

మధ్యాహ్నం దుర్గేష్ ఇంకో టేపు ఆడించాడు. తెర మీద పచ్చ చీరలో ఒక హీరోయిన్, ఎర్ర కుర్చీలో నవ్వుతోంది.

"కాకా, గిదేంది, ఈమె కెమెరా దిక్కు సూస్తలేదు? నిన్న సూసిన కమెడియన్ గూడ గంతే. అందరు పక్కకే సూస్తున్రు."

"నా దిక్కు సూస్తున్రు" అన్నాడు మొగిలయ్య.

దుర్గేష్ నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. మొగిలయ్య అట్టల సంగతి చెప్పాడు. విన్నాక దుర్గేష్ మౌస్‌ను అటూ ఇటూ జరిపాడు.

"మరి నీకు జర కష్టమనిపిస్తదేమో కాకా. అచ్యుతరావు సారు బిడ్డ శిరీష మేడమ్ ఇంటర్నెట్ల పెడతదట. కండ్లు సీదా జెయ్యమన్నది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉన్నది, సూపు కెమెరా దిక్కు తిప్పుతది."

మొగిలయ్య తెర వైపు చూశాడు. ఆ అమ్మాయి కళ్లు ఎడమ నుంచి కుడికి కదులుతున్నాయి. చదువుతోంది.

"తిప్పు. సూసేటోళ్లకు మంచిగుంటది" అన్నాడు. తర్వాత, "తిప్పకముందు ఈ ముక్క నా ఫోన్ల ఎయ్యి. మా ఇంటామెకు సూపిస్త" అన్నాడు.

సాయంత్రం షేర్ ఆటోలో ఉప్పల్ చేరేసరికి ఛాతీలో కొంచెం బరువుగా అనిపించింది. మెట్లెక్కాక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కృష్ణమ్మ చిక్కుడుకాయలు తుంపుతోంది. ఫోను ఆమె చేతికిచ్చాడు.

"సూడు. ఎటు సూస్తున్నదో సూడు."

ఆమె చూసింది. మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుని చూసింది.

"నీ దిక్కేనా?"

"నా చేతుల అట్ట దిక్కు. అట్టెనక నేనే."

కృష్ణమ్మ కళ్లజోడు పైకి నెట్టుకుంది. "గంత సక్కని పిల్ల నీ దిక్కు సూస్తుంటె, మరి నువ్వెటు సూసినవయ్యా?"

"ఆమె నోటి దిక్కు. మాట అయిపోంగనె అట్ట మార్చాలె గద."

ఆమె ఎంతోకాలానికి నోరారా నవ్వింది. చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపి, ఫోను పట్టుకుని, పైవాటాలో ఉండే సరిత దగ్గరికి వెళ్లింది. సరిత అత్త ఒకప్పుడు ఆ టీవీ ఇంట్లో నవ్వినవాళ్లలో ఉంది. ఆమెను కూడా లేపి కూర్చోబెట్టి చూపించింది. ఎక్కడ నిలబడ్డాడో, అట్ట ఎంత ఎత్తున పట్టుకునేవాడో చేతులతో చూపిస్తూ చెప్పింది. ఆ ముసలావిడ తెరకు దగ్గరగా వంగి, "అవునే కృష్ణమ్మా, ఎవల్నో సూసుకుంటనే మాట్లాడుతున్నది" అంది.

తిరిగొచ్చేసరికి మొగిలయ్య గోడకు ఆనుకునే ఉన్నాడు, గడ్డం ఛాతీ మీద వాలి ఉంది. కృష్ణమ్మ పీట మీద కూర్చుని, చిక్కుడుకాయలు మళ్లీ చేతిలోకి తీసుకుని, సరిత అన్నదీ, సరిత అత్త అన్నదీ మొత్తం చెప్పింది. "విన్నవా?" అని తల తిప్పింది. అప్పుడు చూసింది.

దుర్గేష్ చావుకు వచ్చి, శ్మశానం దాకా నడిచి వెళ్లాడు. మర్నాటి నుంచి మిగిలిన టేపులు తనే తుడుచుకున్నాడు. రెండు మూడు చోట్ల పొర లేచిపోయింది. నెలాఖరుకు పని అయిపోయింది. ఇప్పుడు కమెడియనూ, పచ్చ చీర అమ్మాయీ, అందరూ సూటిగా చూసేవాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు. శిరీష ఫోన్ చేసి చాలా బాగుందని చెప్పింది.

దుర్గేష్ ఏసీ ఆపి, లైటు తీయబోతూ వెనక్కి చూశాడు. ఏసీ చలికి మొగిలయ్య వేసుకునే నీలం స్వెటర్ కిటికీ పక్క కుర్చీకి ఇంకా తొడిగి ఉంది. మోచేతుల దగ్గర ఉన్ని సాగిపోయి, ఖాళీ చేతులు రెండూ అట్ట పట్టుకున్నట్టు కొద్దిగా వంగే ఉన్నాయి.