దీపం పెట్టెలో ఒక్క చీటీ

…అన్నం తినే చెయ్యే కుడిచెయ్యి, అందులో అనుమానం లేదు. కానీ చెయ్యి మనిషితోపాటు తిరుగుతుంది, పెట్టె తిరగదు గదా అనుకున్నాడు సిద్దయ్య, బడి ముందు ఓట్ల వరుసలో నిలబడి. మూడేళ్లుగా గొర్రెల వెనక నడుస్తూ ఈ ముడే విప్పుకుంటున్నాడు. విడివడదు.

యాభై రెండులో మొదటిసారి ఓట్లు పెట్టినప్పుడు ఊరి పెద్దాయన అందరినీ చావిడి దగ్గర కూర్చోబెట్టి ఒకే మాట చెప్పాడు. "తడిక చాటున బల్ల మింద రెండు పెట్టెలుంటాయి. కుడిచేతి పక్కది మనది, చక్రం గుర్తు. రెండోది దీపం. చీటీ దాంట్లో ఏసి రాండి." ఊరంతా ఒకే పెట్టె. అది ఆ ఊరి పద్ధతి.

ఆ రోజు సిద్దయ్య చెప్పులు బయట విడిచి లోపలికి పోయాడు. తడిక చాటున, గోడకు ఎడంగా గుడ్డ పరిచిన బల్ల, దాని మీద రెండు పెట్టెలు, మసక వెలుతురు. గండి ఆంజనేయస్వామి ముందు నిలబడినట్టే అనిపించింది. చేతులు జోడించి బల్ల చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాడు. ఎన్ని చుట్లు తిరిగాడో తెలియదు. గుర్తులు కనబడని బల్ల వెనకవైపున ఆగి, తన కుడిచేతి పక్కనున్న పెట్టెలో చీటీ వేసి వచ్చాడు.

జమ్మలమడుగులో లెక్కపెట్టారు. ఆ ఊరి పెట్టెల్లో చక్రానికి మూడువందల పన్నెండు, దీపానికి ఒకటి. ఆ ఒక్కటీ నూర్ అహ్మద్‌దేనన్నారు. నూర్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అతని అన్న ప్రొద్దుటూరులో దీపం గుర్తు కాగితాలు గోడలకు అంటించాడు. అంతకు మించిన సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది. అప్పటినుంచి ఊళ్లో ఒక్క ఇంటివాళ్లు కూడా నూర్ చేత దూది ఏకించుకోలేదు. అతను దూది ఏకే విల్లు భుజాన వేసుకుని సింహాద్రిపురం, పులివెందుల దాకా నడిచిపోయి, పది రోజులకొకసారి ఇల్లు చేరుతున్నాడు.

ఆ చీటీ తనదని చెబుదామనుకున్నాడు సిద్దయ్య. ఏమని? పొరపాటు అంటే అది అబద్ధమేమో. ఆ ఏడాదే పెద్దాయన మనుషులు తన గొర్రెల్ని బందెలదొడ్డికి తోలారు. రెండు పిల్లలు అక్కడే చచ్చిపోయాయి. తను మరిచిపోయాడు. చెయ్యి మరిచిపోయిందా? బల్ల వెనక ఆగింది భక్తా, కసా? కసి అయితే ఇన్నాళ్లూ తనకు తెలియకుండా ఎక్కడుంది? తెలియనిదాన్ని తనదని ఎలా ఒప్పుకోవడం?

ఇప్పుడు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మళ్లీ ఓట్లొచ్చాయి.

"ఏం మామా, రుమాలు తెల్లగుండాదే! పెండ్లికి పోతాండావా?"

ఎదురుగా మొండిగోడ మీద కూర్చున్న నూర్ సిద్దయ్యను చూసి కేకేశాడు. వరుసలో నవ్వులు లేచాయి. తలుపు దగ్గర కాపలా ఉన్న పెద్దాయన మనిషి వెంకటేశు మాత్రం నవ్వలేదు.

"నువ్వు ఈతూరి ఓటుకు రావద్దని చెప్తిమి గదరా? ఈడేం పని?"

"రాలేదప్పా, కూచోనుండా. నేను లోపలికి పోలేదని ఊరంతా చూడల్ల గదా. ఇంట్లో ఉంటే కిటికీలోనుంచి ఏసినాడంటారు."

మళ్లీ నవ్వారు. వెంకటేశు వరుస వైపు తిరిగాడు. "ఈతూరి ఒక్క చీటీ తప్పినా ఎవురిదో తేలేదాకా ఊరి బీట్లో ఒక్క గొర్రె మేయదు. సిద్దయ్యా, ఇనపడిందా?"

"ఇనపడింది."

వినబడిన మాట వెనకే ఇంకొకటి తట్టింది. నూర్ అక్కడ, గోడ మీద, అందరి కళ్లెదుట ఉన్నాడు. ఈసారి దీపంలో ఒక్క చీటీ పడితే అది నూర్‌ది కాదు. అప్పటిదీ అతనిది కాదేమోనని ఊరికి అనుమానం పుడుతుంది. ఆ అనుమానం చాలు, నూర్ చేత ఏకించుకోవడానికి దూది ఇళ్లల్లోంచి బయటికొస్తుంది. కానీ గొర్రెలు? వాటిని ఎక్కడికి తోలాలి? పైగా తను వేసేది నూర్ కోసమా, చచ్చిన గొర్రెపిల్లల కోసమా? అప్పటి చీటీని కప్పిపుచ్చుకోవడానికి ఈ చీటీ వేస్తున్నాడా? ఒక ప్రశ్న మీద ఇంకో ప్రశ్న ఎక్కింది, దొడ్డి వాకిట్లో గొర్రెల్లాగ.

వేలికి సిరా పూశారు. చేతికి చీటీ ఇచ్చారు.

తడిక చాటున అదే బల్ల. కాళ్లు వాటంతటవే చుట్టు తిరగబోయాయి. తిరిగితే బాగుండును. వెనకవైపు బొమ్మలు కనబడవు. కుడిచెయ్యే వేసిందని, తనకేమీ తెలియదని, మళ్లీ మూడేళ్లు అనుకోవచ్చు.

"ఏమయ్యా, అయిందా?" బయటినుంచి ఆఫీసరు అడిగాడు.

"అయితాంది సార్."

సిద్దయ్య కదలకుండా ముందువైపే నిలబడ్డాడు. చక్రం కుడిపక్కన, దీపం ఎడమపక్కన ఉన్నాయి. ఎందుకు వేస్తున్నాడో ఇంకా తేలలేదు. తేలేదాకా ఆగితే సాయంత్రమవుతుంది, నూర్ గోడ దిగిపోతాడు. వంగి, దీపం బొమ్మను వేలితో ఒకసారి తడిమి చూసుకుని, చీటీని ఆ పెట్టెలోకి జారవిడిచాడు.