చెంగల్రాయుడి చెవి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల తన చెవిని మించిన చెవి లేదని డోలు చెంగల్రాయుడి నమ్మకం. పక్కవీధి గుడిలో శ్రుతిపెట్టె వెంట్రుకవాసి తగ్గినా, ఇక్కడ అన్నం తింటున్న మనిషి ముద్ద ఆపి మొహం చిట్లించేవాడట. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ తనే చెప్పుకునేవాడు, ఎవరూ అడగకపోయినా. కోడలు అమల కుక్కరు పెడితే అది ఏ స్వరంలో కూసిందో కూడా చెప్పేవాడు. పాపం, ఆ పిల్ల నవ్వాపుకుని తలూపేది. ఆ చెవిని నమ్ముకునే ఆయన జీవితమంతా డోలు వాయించాడు. ఆ చెవిని నమ్ముకునే సొంత చెల్లెలి మొగుణ్ణి నలుగురిలో తలదించుకునేలా చేశాడు.

ఆ చెల్లెలి మొగుడి పేరు ఢిల్లీబాబు. నాదస్వరం ఆయనది, డోలు ఈయనది. పాకాల నుంచి శ్రీకాళహస్తి దాకా ఇద్దరూ కలిసి వాయించని కల్యాణమండపం లేదు. ఢిల్లీబాబు ఎప్పుడూ ఎడమ పక్కన కూర్చునేవాడు, అంటే డోలు మీద పుల్ల పడే పక్కన. వాళ్ళిద్దరి మధ్యా ఒక పద్ధతి ఉండేది. తాళి కట్టే వేళకు జనమంతా పందిట్లోకి ఎగబడతారు. కింద కూర్చున్న మేళగాళ్ళకు పెళ్ళికొడుకు చేయి కాదు కదా, తలపాగా కూడా కనపడదు. అందుకని ఢిల్లీబాబు లేచి నిలబడి, పంతులు చేయి చూసుకుంటూ, సరిగ్గా సమయానికి నాదస్వరంలో ఒక చిన్న పలుకు పలికించేవాడు. పక్కనున్న డోలుకు మాత్రమే వినపడేటంత సన్నగా. అది చెవిన పడగానే చెంగల్రాయుడు పుల్ల ఎత్తేవాడు, ఇద్దరూ ఒక్కసారిగా గట్టిమేళం అందుకునేవాళ్ళు.

కొన్నేళ్ళ కిందట శ్రీకాళహస్తిలో ఒక పెళ్ళిలో ఆ పలుకు రాలేదు. రాలేదని చెంగల్రాయుడు అన్నాడు. పుల్ల పట్టుకుని అలాగే కాచుకుని ఉన్నాడు. నాదస్వరం ఒక్కటే లేచింది, జనం అక్షింతలు విసరడం మొదలుపెట్టారు. ఆయన తేరుకుని డోలు అందుకునేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి. గట్టిమేళం లేకుండా తాళి పడిందని పెళ్ళికూతురి తండ్రి మండిపడ్డాడు. ఆడవాళ్ళు అపశకునమని గొణిగారు. అందరూ మేళం వైపు తిరిగి చూస్తున్నారు. చెంగల్రాయుడికి రోషం తన్నుకొచ్చింది.

"పలుకు రాలా. పక్కనుండే నాకే ఇనపడలా," అన్నాడు గట్టిగా. "నీకు ఊపిరి పోయింది బావా. ఇంక ఇంట్లో కూసో."

పలికించానని ఢిల్లీబాబు చెప్పబోయాడు. ఆ రోజు ఆయనకు జలుబు. చెప్పబోతుంటే దగ్గు వచ్చింది, ఆ దగ్గు ఆగకపోయేసరికి ఎవరో కిసుక్కున నవ్వారు. ఢిల్లీబాబు నాదస్వరం గుడ్డలో చుట్టుకుని, భోజనం చేయకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ మేళానికీ రాలేదు. తిరుమలమ్మ, అంటే చెంగల్రాయుడి చెల్లెలు, ఆ తర్వాత పుట్టింటి గడప తొక్కలేదు, ఫోను చేస్తే ఎత్తలేదు.

చెంగల్రాయుడికి బాధ లేదని కాదు. కానీ అది తప్పు చేశానన్న బాధ కాదు. ఆ ఒక్కరోజే అయితే జలుబనుకుని సరిపెట్టుకునేవాడేమో. అంతకు ముందు ఏడాదిగా ఢిల్లీబాబు నాదస్వరం గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉంటోంది, మొహమాటానికి ఊరుకున్నాడు. తరువాత వచ్చిన నాదస్వరం వాళ్ళూ అంతే. ఒకడికీ గాలి లేదు. ఈ కాలం వాళ్ళకు తిండి లేదు, అందుకే ఊపిరి లేదని విసుక్కుంటూ మేళాలు తగ్గించుకున్నాడు. ఇంత మందికి ఒకేసారి ఊపిరి ఎలా పోతుందన్న అనుమానం మాత్రం ఆయనకు రాలేదు. అనుమానాలన్నీ ఎప్పుడూ పక్కవాళ్ళ మీదే కదా.

ఇలా ఉండగా కొడుకు సుకుమార్ ఇంటికి అయిదు స్పీకర్లూ, వాటికి శబ్దం పంచిపెట్టే ఒక రిసీవరూ తెచ్చాడు. తిరుపతిలో ట్రావెల్స్ ఆఫీసులో పని వాడిది. సినిమా అంటే చెవి కోసుకుంటాడు. ముందు రెండు, మధ్యలో ఒకటి, వెనక రెండు స్పీకర్లు పెడితే వాన కురిస్తే ఇంట్లోనే కురిసినట్టుంటుందని భార్యను ఊరించాడు. ఆదివారం పొద్దున హాలు మధ్యలో కుర్చీ వేసి తండ్రిని కూర్చోబెట్టాడు. ఏ స్పీకరు ఎలా పలుకుతోందో చెప్పడానికి ఆ ఇంట్లో నాయన చెవి కంటే గొప్ప కొలత ఏముంది? చెంగల్రాయుడు తుండు భుజాన వేసుకుని, కచేరీకి కూర్చున్నట్టే కూర్చున్నాడు.

మొదట వెనక స్పీకర్లు అసలు పలకలేదు. సుకుమార్ కంప్యూటరు నుంచి టీవీకి ఒక కేబులు, టీవీ నుంచి రిసీవరుకు ఇంకో కేబులు పెట్టాడు. బొమ్మ వచ్చింది, ముందు రెండు స్పీకర్లలో శబ్దమూ వచ్చింది, వెనక మాత్రం చీమ చిటుక్కుమనలేదు. వైర్లు పీకి పెట్టాడు, కంప్యూటరు ఆపి వేశాడు, నెట్‌లో ఎవరెవరో చెప్పినవన్నీ చేశాడు. వాడి తల ప్రాణం తోకకు వచ్చింది. చివరికి సంగతి అంతుపట్టింది. నీ దగ్గర ఎన్ని స్పీకర్లున్నాయని కంప్యూటరు టీవీని అడుగుతుంది. టీవీకి ఉన్నవి రెండే కాబట్టి రెండే అంటుంది. దాని వెనక రిసీవరుందనీ, రిసీవరుకు అయిదు స్పీకర్లున్నాయనీ కంప్యూటరుకు తెలిసే దారి లేదు. మధ్యలో ఉన్నవాడు రెండంటే మిగిలిన మూడూ లేనట్టే. సుకుమార్ కేబులు మార్చి కంప్యూటరును నేరుగా రిసీవరుకు కలిపి, బొమ్మను అక్కణ్ణుంచి టీవీకి పంపాడు. తెర మీద అయిదు స్పీకర్ల బొమ్మ వచ్చింది. దేన్ని నొక్కితే ఆ స్పీకరు గంట కొట్టినట్టు చిన్నగా పలుకుతుంది.

"కండ్లు మూసుకో నాయనా. యాడ ఇనపడతాదో సెయ్యి సూపించు," అన్నాడు.

ముందు కుడి పలికింది. చెంగల్రాయుడు కుడి వైపు చూపించాడు. ముందు ఎడమ పలికింది. మళ్ళీ కుడి వైపే చూపించాడు. సుకుమార్ వైర్లు అటూ ఇటూ అయ్యాయేమోనని వెళ్ళి మార్చాడు. వెనక కిటికీ దగ్గర ఎడమ స్పీకరు నొక్కాడు. తండ్రి చేయి కుడి వైపున్న వంటింటి గుమ్మం మీదికి పోయింది, అదీ కాసేపు ఆలోచించి. దాని వైర్లూ మార్చాడు. మార్చినా కుడే. కంప్యూటర్లు చదువుకుని కుడెడమలు తెలియకపోతే ఎలాగని చెంగల్రాయుడు కొడుకుని దెప్పాడు. సుకుమార్ చికాకుపడి, వైర్లన్నీ మళ్ళీ మొదట ఉన్నట్టే పెట్టి, తనే కుర్చీలో కూర్చుని అమల చేత నొక్కించాడు. ఎక్కడ పలకాల్సింది అక్కడే పలుకుతోంది. తరువాత అమల కూర్చుంది. ఆమెకూ అంతే. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మీ ఇద్దరికీ చెవులు లేవంటూ చెంగల్రాయుడు లేచి కిటికీ దగ్గరి స్పీకరు దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ నొక్కమన్నాడు. దాని మీద అరచేయి పెట్టాడు. పుట్టిన దగ్గర్నుంచి తోలు మీద బతికిన చేయి అది, లోపలి అదురు ఇట్టే పట్టేసింది. స్పీకరు పలుకుతోంది. వంగి ఎడమ చెవి దానికి ఆనించాడు. అదురు చెంపకు తగిలింది, శబ్దం మాత్రం కుడి వైపు ఎక్కణ్ణుంచో సన్నగా వచ్చింది. ఆయన నెమ్మదిగా కుడి చేయి ఎత్తి కుడి చెవి మూసుకున్నాడు.

ఇల్లంతా ఆగిపోయింది. పైన ఫ్యాను తిరుగుతోంది, చప్పుడు లేదు. సుకుమార్ నోరు కదులుతోంది, మాట లేదు. చేయి తీస్తే అన్నీ తిరిగి వచ్చాయి. మళ్ళీ మూసుకున్నాడు. మళ్ళీ తీశాడు. ఎన్నిసార్లు చేస్తే మారుతుంది?

సుకుమార్ దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నాడు. పుల్ల పక్క చెవి కదా, అన్నేళ్ళ శబ్దానికి కొంచెం కొంచెంగా పోయుంటుందని, డాక్టరుకు చూపిద్దామని ఏదేదో చెబుతున్నాడు. చెంగల్రాయుడికి చెవి గురించి దిగులు పుట్టలేదు. శ్రీకాళహస్తి పందిరి, ఆగని ఆ దగ్గు, గుడ్డలో నాదస్వరం చుట్టుకుంటున్న ఆ చేతులు కళ్ళ ముందుకొచ్చాయి. కుర్చీలో కూలబడ్డాడు.

"వాడు పలికించినాడు రా," అన్నాడు. "ఆ పొద్దు మీ మామ పలికించినాడు. నాకే ఇనపడలా."

మర్నాడు పొద్దున్నే పాకాల రైలెక్కాడు. కొడుకు వెంట వస్తానంటే వద్దన్నాడు. చెవి పోయిన సంగతి ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు, చెప్పకుండా ఊరుకుంటే ఎవరడుగుతారనే పాడు ఆలోచన దారిలో ఒకసారి రాకపోలేదు. పేరున్న మనిషి, ఈ వయసులో చెవిటివాడినని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఢిల్లీబాబు స్టేషను బయట సైకిళ్ళ స్టాండు చూసుకుంటున్నాడు. బాగా చిక్కిపోయాడు. షుగరు వచ్చి ముందు పళ్ళు ఊడిపోయాయి, పెదాలు లోపలికి పోయాయి. ఆ నోట్లో ఇక నాదస్వరం నిలవదని చూడగానే చెంగల్రాయుడికి తెలిసిపోయింది. ఆయన మాత్రం నిన్న సాయంత్రం విడిపోయినట్టే రా బావా అన్నాడు, స్టాండు పక్కవాడికి అప్పజెప్పి వెనకాల ఇంటికి తీసుకెళ్ళాడు. తిరుమలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అన్న ముందు పెట్టింది. మొహం చూడకుండా గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

నాదస్వరం ఏదని అడిగాడు చెంగల్రాయుడు. అప్పట్లో గూడూరు నుంచి నేర్చుకోవడానికి వచ్చే ఒకతనికి ఇచ్చేశానని ఢిల్లీబాబు చెప్పాడు. ఊపిరి లేనివాడి ఇంట్లో అది ఊరికే పడి ఉండటం చూడలేకపోయాడట. ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. అలా అనుంటే చెంగల్రాయుడికి కొంచెం తేలికగా ఉండేది.

అప్పుడు చెప్పాడు. స్పీకర్ల సంగతి, వైర్లు మార్చిన సంగతి, చెవి మూసుకున్న సంగతి, అంతా. మధ్యలో ఆగి చెంబులో నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాడు.

"నీ ఊపిరి పోలా బావా. పోయింది నా సెవి. ఆ పొద్దు నువ్వు పలికించినావు. నేనే పాపిష్టోణ్ణి, నలుగురిలో నిన్ను అంత మాటన్నా."

ఢిల్లీబాబు కాసేపు అర్థం కానట్టు చూశాడు. తిడతాడనుకున్నాడు చెంగల్రాయుడు, కొట్టినా పడదామనుకునే వచ్చాడు. కానీ ఆ మొహం మెల్లమెల్లగా విచ్చుకుంది. పళ్ళు లేని నోటితో నవ్వాడు. కళ్ళలో నీళ్ళు, నోటి నిండా నవ్వు.

"అయితే నాకు ఊపిరి బాగుండిందా?" అన్నాడు. "పలుకు సరిగ్గా వచ్చిందా బావా? తిరుమలా, ఇన్నావా? నాకు ఊపిరి పోలేదంట. మీయన్నే సెప్తా ఉండాడు."

తిరుమలమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. అన్నను తిట్టలేదు. కొంగుతో మొగుడి మొహం తుడిచి, అప్పుడు అన్న వైపు తిరిగింది.

"ఈయన దీపం ముట్టిచ్చి దూరంగా పెట్టుకొని ఊదేవాడన్నా, ఊపిరి ఉండాదో లేదో సూసుకోవాలని. దినామూ అదే పని. అది ఆరిపోయేది. సూడు, ఆరింది గదా, నీకు ఊపిరి ఉండాదని నేను నెత్తీ నోరూ కొట్టుకొని సెప్పేదాన్ని. ఇనేవాడు కాదు. దీపందేముంది తిరుమలా, గాలికి కూడా ఆరతాది, మా బావ సెవి తప్పు పోదు అనేవాడు."

చెంగల్రాయుడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడ్చాడు, చిన్నపిల్లలు ఏడ్చినట్టు, సిగ్గు లేకుండా. ఢిల్లీబాబుకు అదేమీ పట్టడం లేదు. స్టాండులో పనిచేసే పక్కవాణ్ణి కేకేసి పిలిచాడు. అతను వచ్చి నిలబడ్డాడు.

"సెప్పు బావా," అన్నాడు ఢిల్లీబాబు, చెంగల్రాయుడి మోకాలు పట్టుకుని కుదుపుతూ. "ఇతనికి కూడా ఒకసారి సెప్పు."

చెంగల్రాయుడు తుండుతో కళ్ళు తుడుచుకుని, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు.