బస్తా ఒళ్ళో దిండ్లు

సాయంత్రం గిన్నెలు కడగడం అవగానే ఆ ఇంట్లో ఎవరి దిండు వాళ్ళు తెచ్చి పెద్దమ్మాయి ఒళ్ళో కాసేపు పెట్టేవాళ్ళు. వాళ్ళకి నిద్ర పట్టనివ్వని పీడంతా దిండులోంచి ఆమెలోకి దిగిపోయేది. వాళ్ళు వెళ్ళి గురకపెట్టేవాళ్ళు, ఆమె గోడకి ఆనుకుని తెల్లార్లూ కళ్ళప్పగించి కూచునేది. చిన్నప్పట్నుంచీ ఇదే వరస. పాలు కాచడం లాంటి ఇంటిపని, అంతే.

నిద్ర లేని ఒళ్ళు ఊరుకుంటుందా? ఉబ్బింది. పొద్దున్నే ఆకలి నకనకలాడేది, రొట్టె ముక్క తిన్నా ఒంటికి పట్టేసేది. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆమెది జేబులు వేసే పని. కునికిపాట్లు పడి రెండుసార్లు వేల్లో సూది దింపుకుంది. ఇంట్లో మాత్రం ఆమె పేరు బస్తా. రెండోసారి వడ్డించుకుంటే నాన్న, "ఇంకా ఎక్కడ పడుతుందే?" అనేవాడు. పాపం, కంటినిండా నిద్రపోయి లేచిన పెద్దమనిషి, హుషారుండదూ!

ముప్ఫై నాలుగో ఏట మెట్లెక్కుతూ కూలబడింది. డాక్టరమ్మ గుండె విని, తిండి సంగతి తర్వాత, ముందు నెల్లాళ్ళు నిద్రపోకపోతే ఈ గుండె ఆగిపోతుందని మొహం మీదే చెప్పింది.

నెల్లాళ్ళు ఎవరి దిండు వాళ్ళే ఉంచుకోమని బస్తా బతిమాలింది. సరేనన్నారు. అనడానికేం, నోరు నొప్పా? ఆమె సెలవు పెట్టి పడుకుంది. తిండికి లేవడం, మళ్ళీ పడుకోవడం. వారం తిరిగేసరికి చేతి గడియారం వదులైంది. బతుకుతానని మొదటిసారి నమ్మకం కలిగి, సంతోషంతో ఏడ్చింది.

తక్కినవాళ్ళకి కంటి మీద కునుకు లేదు. నాన్నకి బెల్టు పట్టడం మానేసింది. చెల్లెలు టీవీలో వార్తలు చదువుతుంది, ఆమె బుగ్గలు బూరెల్లా పొంగాయి. సోమవారానికల్లా తగ్గకపోతే ఇంకో అమ్మాయిని కూచోబెడతామన్నారు ఆఫీసులో.

తొమ్మిదో రోజు, ఆదివారం మధ్యాహ్నం, చెల్లెలు తన దిండు తెచ్చి నిద్రపోతున్న అక్క పొట్ట మీద పెట్టింది. "నాదొక్కటే కదమ్మా," అంది. అమ్మ లోపలికెళ్ళి తన దిండూ తెచ్చింది. వెనకాలే నాన్న.

తొమ్మిది రోజుల మెలకువ ఒక్కసారిగా దిగింది. బస్తా కళ్ళు తెరిచి ముగ్గురినీ చూసింది.

"ఇంకా మూడు వారాలేగా అమ్మా," అంది. అంతే, గుండె ఆగిపోయింది.

కళ్ళు మూయాలని అమ్మ చాలాసేపు చూసింది. రెప్పలు దించితే మళ్ళీ లేచేవి. చివరికి అలాగే పంపించేశారు. ఆ రాత్రి ముగ్గురూ ఒళ్ళెరక్కుండా నిద్రపోయారు. సోమవారం చెల్లెలు వార్తలు చదివింది. మొహం కడిగిన ముత్యంలా ఉందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.