ఇంటి సంగతి తర్వాత

జీవానందానికి బైబిల్లోని తప్పిపోయిన కుమారుని ఉపమానం అంటే మహా ఇష్టం. ఇల్లు విడిచిపోయి చితికిపోయిన కొడుకు తండ్రి దగ్గరికి తిరిగొచ్చే కథ అది. బోగోలు మండలంలో, సముద్రానికి రెండు మైళ్ల ఇవతల ఉన్న వాళ్ల ఊరి సంఘానికి ఆయన ఇరవై ఏళ్లుగా పెద్ద. ప్రార్థన కూటం ఎవరింట్లో జరిగినా, పాస్టరు గారికి గొంతు బాగాలేదన్నా, లేచి ఆ కథే అందుకునేవాడు. కథ గబగబా ముగించి, అందులోంచి బతుక్కి పనికొచ్చే పాఠాలు మూడు తీసి, వేళ్లు మడుస్తూ చెప్పేవాడు. దారి తప్పినవాడు మొదట బుద్ధి తెచ్చుకోవాలి. తర్వాత లేచి బయలుదేరాలి. చివరికి నలుగురి ముందూ నోరు తెరిచి ఒప్పుకోవాలి. మూడు పాఠాలూ కొడుక్కే. తండ్రికంటూ ఒక్క పాఠమూ ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. సంఘ పెద్దను అడిగేదెవరు?

మూడో పాఠం మాటవరసకు చెప్పింది కాదు. ఆ సంఘంలో అది ఎప్పటినుంచో నడుస్తున్న కట్టుబాటు. దారి తప్పినవాళ్లు తిరిగొస్తే, నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ముందు సంఘం ఎదుట నిలబడి తప్పు ఒప్పుకోవాలి. అప్పుడే వాళ్లకు ఆ బల్లలో భాగం. ఐదేళ్ల కింద రొయ్యల గుంటల కాపలాదారు లాజరస్ కూతురు అబిగయీలును అలా నిలబెట్టింది జీవానందమే. ఆ పిల్ల ఏడుస్తుంటే ఆయనకూ కళ్లు చెమర్చాయి. అయినా రూలు రూలే అనుకున్నాడు.

ఆ మరుసటి ఏడాదే ఆయన ఒక్కగానొక్క కూతురు ఫేబీ ఇల్లు విడిచిపోయింది. చర్చిలో కీబోర్డు వాయించే పిల్ల. డిగ్రీ చివరి సంవత్సరంలో, అప్పటికే పెళ్లయినవాడితో వెళ్లింది. తెలిసే వెళ్లిందని ఊరంతా అన్నారు. జీవానందం ఆదివారం లేచి, సంఘం పట్టీలో కూతురు పేరు తన చేత్తోనే కొట్టేశాడు. ఆ రోజునుంచి ఇంట్లో ఆ పేరు ఎత్తలేదు. ఎత్తలేదు గానీ, సాయంత్రం బస్సు హారను వినపడితే చాలు, వేరుశనగ చేలో పని ఆపి రోడ్డు వైపు చూసేవాడు. భార్య మగ్దలీనమ్మ అది చూసీ చూడనట్టు ఊరుకునేది.

నాలుగేళ్ల తర్వాత ఒక శుక్రవారం ఫేబీ తల్లికి ఫోన్ చేసింది. ఆ మనిషి వదిలేసి ఏడాదిన్నర అయిందని చెప్పింది. తడ దగ్గర ఒక కంపెనీలో పని చేసుకుంటున్నాననీ, ఇంటికి రావాలని ఉందనీ చెప్పింది. మగ్దలీనమ్మ ఫోన్ చేత్తో పట్టుకునే చేలోకి పరుగెత్తి, ఆయాసపడుతూ సంగతంతా మొగుడి చెవిన వేసింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. 'రా తల్లీ' అనే మాట నోటిదాకా వచ్చింది కూడా. అంతలో అబిగయీలు గుర్తొచ్చింది. లాజరస్ కూతురికో న్యాయం, నా కూతురికో న్యాయమా అనుకున్నాడు. ఫోన్ అందుకున్నాడు.

"ఎల్లుండి నెల మొదటి ఆదివారం. ముందు చర్చికి రా. ఇంటి సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

"సరే నాయనా," అంది ఫేబీ.

ఆ రాత్రి మగ్దలీనమ్మ మొగుణ్ణి ఎన్ని విధాల బతిమాలుకుందో లెక్కలేదు. శనివారమే రమ్మందాం, తలంటి పోసి కడుపునిండా అన్నం పెట్టుకుంటాను, ఆదివారం ముగ్గురం కలిసే వెళ్దాం అంది. ఆయన ససేమిరా అన్నాడు. ముందు ఇంట్లో అడుగుపెడితే, పెద్దాయన కూతుర్ని దాచుకున్నాడని సంఘం అనదా అన్నాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. జీవానందం కఠినాత్ముడు కాడు. శనివారం పొద్దున్నే తనే తీరానికి పోయి వంజరం చేప తెచ్చాడు. ఫేబీకి మామిడికాయ ముక్కలు వేసిన పులుసంటే ఇష్టమని, అది మర్నాటికి ఊరితేనే రుచి అని భార్యకు గుర్తు చేశాడు. కూతురి గది తనే చిమ్మి, మంచం మీద దుప్పటి మార్చాడు. ఇవన్నీ చేశాడు గానీ, వీటిలో ఒక్కటీ ఫేబీకి తెలియనివ్వలేదు. మనిషి పాడైపోవడానికి చెడ్డతనమే ఉండక్కర్లేదు.

ఆదివారం ఆయన చర్చి గేటు దగ్గర నిలబడి ఉండగా బస్సు ఆగింది. సరుగుడు తోటల మధ్య ఇసక దారిలో నీలం చుడీదారు వేసుకుని, చేతిలో సంచితో, సగానికి సగం చిక్కిపోయి వస్తోంది ఫేబీ. ఇంకా చాలా దూరంలో ఉంది. ఆయన కాళ్లు వాటంతటవే రెండడుగులు వేశాయి. పక్కకు చూస్తే లాజరస్ నిలబడి ఉన్నాడు. జీవానందం ఆగిపోయి, వెనక్కి తిరిగి, చాపలు సర్దడానికి లోపలికి వెళ్లాడు. చాపలు అప్పటికే సరిగ్గా ఉన్నాయి.

బల్లకు ముందు పాస్టరు గారు పేరు పిలిచారు. ఫేబీ చున్నీ తలమీదికి లాక్కుని ముందుకొచ్చి ఒంటరిగా నిలబడింది. ఆడవాళ్ల వైపునుంచి మగ్దలీనమ్మ సగం లేచింది. జీవానందం కళ్లతోనే కూర్చోమన్నాడు. ఆమె కూర్చుంది. దేవుని ఎదుటా సంఘం ఎదుటా తప్పు చేశానని ఫేబీ చెప్పింది. గొంతు పైకి రాలేదు. వెనకనుంచి ఎవరో వినపడలేదన్నారు. అందరూ పెద్దాయన వైపు చూశారు.

"గట్టిగా చెప్పమ్మా," అన్నాడు ఆయన, పరాయివాళ్ల పిల్లతో అన్నట్టు.

ఫేబీ తలెత్తి తండ్రి ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అదే మాట, గోడ బయటివాళ్లకు కూడా వినపడేలా, ఏ పదానికా పదం విడదీసి చెప్పింది. బల్లకు మాత్రం చెయ్యి చాపలేదు. పాట మొదలవుతుండగా బయటికి వెళ్లిపోయింది.

ఆయన వెనకాలే వచ్చేసరికి గేటు ముందు ఆటో ఆగి ఉంది. మగ్దలీనమ్మ కూతురి చెయ్యి వదలకుండా ఏడుస్తోంది. ఇంటికి పోదాం రమ్మన్నాడు జీవానందం. అమ్మ పులుసు చేసి పెట్టిందన్నాడు.

"చర్చికి రమ్మన్నావు, వచ్చినాను నాయనా. చెప్పమన్నావు, చెప్పినాను," అంది ఫేబీ. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. "ఈ మాట శుక్రవారం అనుంటే నడిచైనా వచ్చుండేదాన్ని. అక్కడ నిలబడినప్పుడు నీ మొహంలో మా నాయన యాడన్నా కనపడతాడేమోనని ఎతుక్కున్యా. సంఘం పెద్దే కనపడినాడు."

తల్లి వేళ్లు మెల్లగా విడిపించుకుని ఆటో ఎక్కింది. ఆటో బిట్రగుంట స్టేషన్ దారి పట్టింది.

మగ్దలీనమ్మ మొగుడి వైపు చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది. జీవానందం చర్చి మెట్ల మీద కూర్చున్నాడు. జనమంతా వెళ్లాక లాజరస్ వచ్చి పక్కన నిలబడ్డాడు. జీవానందం ఆయన్ని చూసి, తన పక్షాన ఒక్క మాటయినా అంటాడేమోనన్న ఆశతో అన్నాడు: "నీ బిడ్డకి చేసిందే నా బిడ్డకీ చేసినా గదా లాజరసూ. తేడా చూపలా గదా."

లాజరస్ చెప్పాలా వద్దా అని తటపటాయించాడు.

"తేడా ఉండాదన్నా," అన్నాడు చివరికి. "నీకు చెప్పకుండా అప్పట్లో ఒక పని చేసినా. నా బిడ్డ శనివారమే బిట్రగుంటలో రైలు దిగింది. నేనే పొయ్యి తోడుకొచ్చుకున్యా. అన్నం తినింది, వాళ్లమ్మ పక్కలో పండుకునింది. పొద్దున్నే కలిసి వచ్చినాం. అది ముందర నిలబడితే నేనూ లేసి పక్కన నిలబడినా. నువ్వు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటా ఉన్న్యావు, చూసుండవు."

"రూల్లో అట్టా లేదే," అన్నాడు జీవానందం. ఆ మాట ఆయనకే వినపడీ వినపడనట్టుంది.

"నువ్వు చెప్పే కథలో ఉండాది గదన్నా. కొడుకు నోరు తెరవకముందే నాయన పరిగెత్తుకుంటా పొయ్యి కావలించుకున్యాడు గదా. నాకు చదువు రాదు. నీ నోట విన్నదే. నాకు ఆ ముక్క ఒక్కటే గుర్తుండిపోయింది."

జీవానందం ఇంటికెలా వచ్చాడో ఆయనకే తెలియదు. వాకిట్లోనుంచే భార్యను కేకేసి, ఇప్పుడే తడ పోతానన్నాడు. ఏ కంపెనీయో, ఏ వీధిలో ఉంటుందో చెప్పమన్నాడు. నాలుగేళ్లలో ఆయన నోట ఆ ప్రశ్న రావడం అదే మొదటిసారి.

మగ్దలీనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం వాచిపోయింది.

"నాకు తెలుసు," అంది. "ఎవురికన్నా చెప్పుకోమ్మా, నాయనకి మాత్రం చెప్పబాకు అన్నది. నువ్వు గేటు కాడికి వచ్చేలోపే మాట తీసుకునింది."

ఆయన బతిమాలాడు. దగ్గరికి కూడా పోనన్నాడు. వీధి మొదట్లో నిలబడి, పనికి పోయేటప్పుడు ఒక్కసారి చూసి వచ్చేస్తానన్నాడు. మగ్దలీనమ్మ అడ్డంగా తల ఊపింది. నిన్నటిదాకా తను ఆయన కాళ్లావేళ్లా పడింది. ఆయన మాట మీదే నిలబడ్డాడు. ఇప్పుడు మాట నిలబెట్టుకోవడం తన వంతయింది. జీవానందం గడప మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె లేచి దగ్గరికి రాలేదు.