కాలర్ కింది దారం

గ్యాస్ బుడ్డికి రెగ్యులేటర్ ఎట్ల పెడతరో మీకెరికే. కాలర్ పైకి గుంజి, మూతి మీద కూసుండవెట్టి ఇడిస్తే టక్కుమంటది. నా మనుమరాలు స్వర్ణ పని గసొంటిదే. అబుదాబి ముసఫ్ఫాల ఒక కంపెనీ ఆఫీసుల కూసొని, మిషన్ల నూనె పైపులు పానా లేకుంట ఒక్క గుంజుడుతోని కలిసేటట్టు, ఒక్క గుంజుడుతోని ఊడేటట్టు కప్లింగులు గీస్తది.

"పైపులకు పెండ్లిళ్ళు చేస్తున్నవు, నీ పెండ్లి ఎప్పుడే?" అంటే, "ఈటిని ఇడగొట్టుడు గుడ నా పనే బాపమ్మా" అని నవ్వేది.

దాని తండ్రి, నా పెద్దకొడుకు, అది పాలు తాగేప్పుడే పోయిండు. దాన్ని సాకింది, సదివిచ్చింది నా చిన్నకొడుకు పోచన్న. వాడు గదే కంపెనీ షెడ్డుల ఫిట్టరు. ముగ్గురం ఆడనే ఒక్క ఇంట్ల ఉంటుంటిమి. స్వర్ణ గీసిన బొమ్మ ఇనుమై వచ్చినంక, దాంట్లకు నూనె ఒత్తిడి ఎక్కిచ్చి, ఆగుతదా ఆగదా సూసేది వాడే. "కాక ఊకోడు, కొత్తకోడలిని సతాయించినట్టు సతాయిస్తడు" అనేది ఆ పోరి.

మా దిక్కు దసరకు పనిముట్లకు మొక్కుతం. సుత్తెకు, కొడవలికి, కుట్టుమిషనుకు పసుపు దారం కడతం. పోచన్న అబుదాబి వచ్చి గుడ అది ఇడువలే. షెడ్డుల పఠాన్ ఫోర్మన్ అమీర్ జాన్ నవ్వుకుంట తన పానా ముందటవెట్టేటోడు. "ఇస్కో భీ బాంధో పోచన్నా!" దీనికి గుడ కట్టుమని. ఆ పానా చేతిల నుంచి మస్తు జారుతుండెనట.

కరోనా పోయినంక రెండో దసర. స్వర్ణ తనంతట తాను గీసిన మొదటి కప్లింగు ఆ పొద్దే షెడ్డుకొచ్చింది. పోచన్న సంబురం జూడాలె! "నా బిడ్డ చేతిల పుట్టింది" అని అందరికి సూపెట్టి, కాలర్ ఎనుక పసుపు దారం సుట్టి ముడేసిండు.

ఆ కాలర్ లోపట చిన్న చిన్న ఇనుప గోలీలుంటయి. అవి గాడిల పడాలె, కాలర్ వాటి మీదికి పూర్తిగ రావాలె. అప్పుడే పట్టు. దారం కొన కాలర్ కిందికి పోయింది. కాలర్ ఒక ఎంట్రుక వాసి ఎనుకనే ఆగింది. అయినా టక్కుమన్నది సూడు, అదే మోసం. చిన్న ఒత్తిడికి ఆగింది. పెద్ద ఒత్తిడి పెట్టంగనే ఊడి ఎగిరింది. పోచన్న కండ్లద్దాలు పెట్టుకునే ఉన్నడు. అద్దం పలిగింది, కుడికన్ను పోయింది.

నూనెల తడిసిన పసుపు దారం దొరికింది. కంపెనీ ముదీర్, అదే మేనేజరు, "దారం తప్పు, కట్టినోని తప్పు, ఖలాస్" అన్నడట. కాయిదంల అట్లనే రాస్తే, ఇన్నేండ్లు ఒక్క మాట పడని నా కొడుకు పొరపాటోడని పేరు మోసుకొని ఊరికి పోవాలె.

దవాఖానల మంచం పక్కన స్వర్ణ అన్నది, "దారం కాదు కాకా. ఇసుక పడ్డా గట్లనే అయితుండె. సగం మూసుకుంటే టక్కుమనద్దు. తప్పు నా బొమ్మది."

"ఇప్పుడిప్పుడే పేరొస్తున్నది నీకు. దారం కట్టింది నేను. నోరు మూసుకో."

"నా కప్లింగుకే మూసుకునుడు సక్కగ రాలేదు, నాకెట్ల వస్తది?"

కట్టు కింద వాని మొకం నవ్విందో, ఏడ్చిందో. నేనైతే కొంగు నోట్లె కుక్కుకున్న.

తెల్లారి అది ముదీర్ ముందట నిలవడి తన బొమ్మల తప్పున్నదని చెప్పింది. అమీర్ జాన్ గుడ తోడు పోయిండు. మల్ల గీయమన్నరు దాన్ని. పోచన్న మీద తప్పు రాయలేదు. పేరు నిలవడ్డది గని పని నిలవడలే. ఒంటికన్ను ఫిట్టరును మెడికల్ల పాస్ చెయ్యరట. వీసా రద్దయింది.

పోచన్న ఊరికి ఇమానం ఎక్కే పొద్దు స్వర్ణ కొత్త కప్లింగు ఇంటికి తెచ్చింది. పైపు మీద ఒక ఎర్ర గీత ఉన్నది. కాలర్ పూర్తిగ వస్తేనే ఆ గీత దాగుతది, అప్పుడే టక్కుమంటది. పోచన్న ఏలితోని తడిమి తడిమి సూసిండు. దుమ్ము పడకుంట దానికి పెట్టే మూతకు ఒక చిన్న పొక్క ఏలికి తలిగింది.

"గిదెందుకు బిడ్డా?"

"దారానికి కాకా. ఈడ కడితే కాలర్ జోలికి పోదు."

వాడు నా దిక్కు తిరిగిండు. "అవ్వా, పసుపు దారం ఉన్నదా?" అన్నడు. దేవుని డబ్బల నుంచి తీసిచ్చిన. కొన నోట్లె తడిపి, మెలేసి, పొక్కకు పెట్టిండు. పక్కపొంటి పోయింది. మల్ల పెట్టిండు. మల్ల పక్కకే. ఒక్క కన్నుకు దగ్గర దూరం తెలువదని డాక్టర్ ముందుగాలనే చెప్పిండు. మినుప గింజలసొంటి గోలీలు గోటితోని గాడిలకు జారవిడిసిన చేతులవి.

స్వర్ణ సాయం పట్టవోయింది. నేను దాని రెట్ట పట్టి ఆపిన.

కింద అమీర్ జాన్ బండి హారన్ కొట్టిండు. ఏర్‌పోర్టుకు యాళ్ళయితున్నది. పోచన్న తల ఎత్తలే. దారం కొన మల్ల నోట్లె తడుపుకున్నడు.